నీటి గీతలు ఇంకా ఎందుకు కొలుస్తున్నారు? సెమినార్ కోసం సాయం కావాలి

ఉదయసముద్రం (నల్గొండ)

అందరికీ నమస్తే. ఎంఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడు చదువుతున్నా. సెమినార్‌కి టాపిక్ వెతుకుతుంటే నీటి అణువు వర్ణపటం మీద పేపర్లు కుప్పలుగా కనిపించాయి. పాతవి కాదు, ఈ మధ్య వచ్చినవే. ఒక్కో గీత (అణువు ఒక శక్తిస్థాయి నుంచి ఇంకోదానికి మారేటప్పుడు పీల్చే లేదా వదిలే తరంగం) ఫ్రీక్వెన్సీని కిలోహెర్ట్జ్ దాకా కొలిచి, ముందువాళ్ల విలువలు సరిచేస్తున్నారు.

నాకు అర్థం కానిది ఒకటే. నీళ్లంటే మూడు పరమాణువులు, మధ్యలో 104.5 డిగ్రీల కోణం. ఇంటర్‌లోనే చదివేశాం. అందులో ఇంకా కొలవడానికి ఏం మిగిలింది? మా సార్‌ని అడిగితే "ఆస్ట్రానమీ వాళ్లకి కావాలి" అని క్లాసుకి వెళ్లిపోయారు. నక్షత్రాల దగ్గర నీళ్లున్నాయో లేదో తెలిస్తే చాలు కదా, అన్ని దశాంశాలు ఎందుకు? సెమినార్ దగ్గరికొచ్చింది, టెన్షన్‌గా ఉంది.

డిండి వాగు (దేవరకొండ)

తమ్ముడూ, 557 గిగాహెర్ట్జ్ గీతని పట్టుకో. సెమినార్ సగం అయిపోతుంది.

కచ్చితంగా చెప్పాలంటే 556.936. నీటి అణువుల్లో ఆర్థో, పారా అని రెండు రకాలుంటాయి, హైడ్రోజన్ కేంద్రకాల స్పిన్‌లను బట్టి. ఆర్థో రకంలో అట్టడుగు స్థాయి నుంచి దాని పై స్థాయికి ఉన్న తేడాయే ఈ గీత. 10 కెల్విన్ దగ్గర గడ్డకట్టుకుపోయిన మేఘంలో పై స్థాయిలకు ఎక్కే శక్తి అణువులకు ఉండదు కాబట్టి అక్కడి నీటి ఆవిరి గురించి ఎక్కువ చెప్పేది ఇదే. నేల మీద నుంచి దీన్ని చూడలేం, మన గాలిలోని తేమే మొత్తం మింగేస్తుంది. అందుకే 1998లో స్వాస్, 2001లో ఓడిన్, 2009లో హెర్షెల్ అనే అంతరిక్ష టెలిస్కోప్‌లు పైకి వెళ్లాయి.

ఇప్పుడు దశాంశాల సంగతి. టెలిస్కోప్ ఇచ్చేది ఫ్రీక్వెన్సీ. ఖగోళం వాళ్లకి కావాల్సింది వేగం, అంటే ఆ వాయువు మన వైపు వస్తోందా, దూరంగా పోతోందా, ఎంత జోరుగా అని. ల్యాబ్‌లో కొలిచిన విలువ నుంచి గీత ఎంత జరిగిందో చూస్తేనే అది తెలుస్తుంది. ల్యాబ్ విలువలో 1 మెగాహెర్ట్జ్ తేడా ఉంటే 557 దగ్గర వేగంలో సెకనుకు 0.54 కిలోమీటర్ల తేడా వస్తుంది.

అదెంతలే అనుకోకు. వృషభరాశిలో ఎల్1544 అనే చల్లటి మేఘం ఉంది. అందులో నక్షత్రం ఇంకా పుట్టలేదు, పుట్టబోతోంది. హెర్షెల్ తీసిన డేటాలో 2012లో దాని నడుమ నీటి ఆవిరి కనిపించింది. గీత ఆకారాన్ని బట్టి వాయువు లోపలికి కుంగుతోందని చెప్పారు. ఆ కుంగే వేగం సెకనుకు 0.1 కిలోమీటరు స్థాయిలో ఉంటుంది. 557 దగ్గర అది 0.19 మెగాహెర్ట్జ్. ల్యాబ్ వాళ్లు ఒక్క మెగాహెర్ట్జ్ తప్పితే, లోపలికి పడుతున్న వాయువు బయటికి పోతోందని రాసేస్తారు.

నల్లా కాడ (మిర్యాలగూడ)

మా గల్లీలో నల్లా ఎప్పుడొస్తదో చెప్పేటోడు లేడు గానీ, వృషభరాశిలో నీళ్లు ఎటు పారుతున్నాయో మెగాహెర్ట్జ్‌లో చెప్తున్నారు. కానివ్వండి, చదువుతున్నా.

జడ్చర్ల జంక్షన్

డిండి అన్నా, ఒక డౌట్. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా, ఫిజిక్స్ డిగ్రీతో ఆగిపోయింది. మూడు పరమాణువులే కదా. ఎలక్ట్రాన్లు కలిపి 10. ఇంత చిన్న దానికి ష్రోడింగర్ సమీకరణాన్ని కంప్యూటర్‌లో సాధిస్తే అన్ని గీతలూ వచ్చేయవా? వ్యాక్యూమ్ పంపులు, లేజర్లు, ఇంత ఖర్చు ఎందుకు?

డిండి వాగు (దేవరకొండ)

సాధించారు. 2006లో వచ్చిన బీటీ2 అనే లెక్కకట్టిన గీతల జాబితాలో 50 కోట్లకు పైగా గీతలున్నాయి. 2018లో వచ్చిన పొకజాటెల్ అనే ఇంకో జాబితాలో 570 కోట్లకు పైగా. కానీ గీతలు ఎన్ని అనేది ఒక సంగతి, ఎక్కడ అనేది ఇంకో సంగతి. మంచి లెక్కల్లో కూడా తరంగసంఖ్యలో (సెంటీమీటరు పొడవులో ఎన్ని తరంగాలు పడతాయో ఆ లెక్కలో) సెంటీమీటరుకు 0.01 తేడా మామూలే. అది 300 మెగాహెర్ట్జ్. 557 దగ్గర దాన్ని వేగంలోకి మార్చి చూడు, సెకనుకు 160 కిలోమీటర్లు! ఎల్1544కి 0.1 కావాలి.

లెక్క ఎందుకు తప్పుతుందంటే, నీటి అణువు తేలిక. రెండు చివరలా ఉన్నవి హైడ్రోజన్లు. కొంచెం వేగంగా తిరిగితే బంధాలు సాగుతాయి, కోణం మారుతుంది, కంపనాలూ భ్రమణమూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. బరువైన అణువులకు పనిచేసే సూత్రాలు నీటికి పెట్టి, ఒక పదం తర్వాత ఇంకో పదం కలుపుతూ పోయినా విలువ త్వరగా స్థిరపడదు.

పానగల్లు కట్ట (విశ్రాంత లెక్చరర్)

డిండి గారు చెప్పింది సరే, కానీ జడ్చర్ల బాబు మాటని అంత తేలిగ్గా తీసేయకండి. లెక్కలు లేకపోతే ల్యాబ్ కొలత గుడ్డిదైన సందర్భం ఒకటుంది.

1995లో సూర్యుడి మీద నీటి ఆవిరి ఉందని ఒక పరిశోధక బృందం ప్రకటించింది. సూర్యుడి మీద నీళ్లేమిటని మా స్టాఫ్‌రూమ్‌లో నవ్వుకున్నారు. అది మచ్చల నడుమ. ఉపరితలం 5,700 కెల్విన్‌కు పైన ఉన్నా, పెద్ద మచ్చ మధ్యలో 3,000 కెల్విన్ పైచిలుకే ఉంటుంది. అంత "చల్లగా" ఉంటే ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసి ఉండగలవు. మచ్చ వర్ణపటంలో వేల కొద్దీ గుర్తు తెలియని గీతలున్నాయి. ల్యాబ్‌లో నీటి ఆవిరిని 1,550 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి పక్కన పెట్టి చూస్తే గీతకి గీత సరిపోయింది. నీళ్లే అని రుజువైంది. కానీ ఏ గీత ఏ రెండు స్థాయిల మధ్యదో ఎవరికీ తెలియలేదు. వేడి ఆవిరి వర్ణపటం అంత చిక్కుగా ఉంటుంది. 1997లో పోల్యాన్‌స్కీ, టెన్నిసన్ తదితరులు క్వాంటం లెక్కలతో ఆ గీతలకు పేర్లు పెట్టారు.

కాబట్టి గీత ఎక్కడుందో కొలత చెబుతుంది, అది ఏ స్థాయిలదో లెక్క చెబుతుంది. నా మటుకు రెండోదే గొప్ప పని.

సూర్యుడి మాట వచ్చింది కాబట్టి, 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణం మీలో ఎవరికైనా గుర్తుందా? మనకి దగ్గర్లోనే, సాగర్ రోడ్డు వైపు ఉన్న జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ ఆ దారిలోనే ఉండింది. ఉస్మానియా వాళ్ల 48 అంగుళాల టెలిస్కోప్ ఉన్న చోటు. జనం తలుపులేసుకుని కూర్చున్నారు, మేం కొంతమందిమి బయట నిలబడ్డాం.

జడ్చర్ల జంక్షన్

పానగల్లు సార్ నా వైపు ఉన్నారు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా 😄

అచ్చంపేట అక్క

ఆలస్యంగా చూశాను. కొన్నాళ్లు ఒక స్పెక్ట్రోస్కోపీ ల్యాబ్‌లో పనిచేశాను కాబట్టి కొలత వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే పేపర్లలో రెండు వాక్యాల్లో రాసేసేదే అసలు కష్టం.

గది ఉష్ణోగ్రతలో నీటి అణువులు అన్ని దిక్కులా పరిగెడుతుంటాయి. ఒక్కోదానికి తన డాప్లర్ జరుగుడు (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారడం) ఉంటుంది. అన్నీ కలిస్తే 557 గీత 1.6 మెగాహెర్ట్జ్ వెడల్పుతో కనిపిస్తుంది. నడిమి బిందువుని ఆ వెడల్పులో నూరో వంతు దాకా పట్టొచ్చు, ఓపికుంటే. అంతకంటే కచ్చితంగా కావాలంటే ల్యాంబ్ డిప్ వాడతారు. ఒకే కిరణాన్ని అద్దంతో వెనక్కి తిప్పి, రెండు వైపుల నుంచీ పంపుతారు. కిరణం దిశలో కదలని అణువులు మాత్రమే రెండింటినీ ఒకే ఫ్రీక్వెన్సీలో చూస్తాయి. అవి ఒక కిరణంతోనే సంతృప్తమైపోతాయి కాబట్టి రెండోది అంతగా శోషణ కాదు. వెడల్పు గీత నడుమ సన్నటి గుంట పడుతుంది. ఆ గుంటే మనకు కావాల్సింది. దాన్ని అణు గడియారంతో ముడిపెట్టిన ఫ్రీక్వెన్సీ కోంబ్‌తో, అంటే సమాన దూరాల్లో ఫ్రీక్వెన్సీలు ఇచ్చి కొలబద్దలా పనిచేసే లేజర్‌తో, పోల్చి కొలుస్తారు (2005లో హాల్, హెన్ష్‌లకు నోబెల్ వచ్చింది దీనికి సంబంధించే). ఇన్‌ఫ్రారెడ్‌లో ఈ పద్ధతితో కిలోహెర్ట్జ్ కచ్చితత్వం వస్తోంది. 2020లో ఆమ్‌స్టర్‌డామ్, బుడాపెస్ట్ వాళ్లు కలిసి చేసిన పని చూడు, 1.4 మైక్రాన్ల దగ్గర వందకు పైగా గీతలు అలా కొలిచారు.

ఇక నీళ్లతో తలనొప్పి వేరే. ఒత్తిడి ఎక్కువైతే గీత వెడల్పవుతుంది, పక్కకూ జరుగుతుంది. అందుకే చాలా తక్కువ ఒత్తిడిలో పనిచేయాలి. కానీ నీళ్లు స్టీలు గోడలకు అంటుకుంటాయి. పంపు ఎంతసేపు ఆడినా కొంచెం కొంచెం ఊరుతూనే ఉంటాయి. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) కలిసిన నీళ్లు పోస్తే గోడ మీద ఉన్న మామూలు నీళ్లతో హైడ్రోజన్లు మార్చుకుని, లోపల ఏ నిష్పత్తి ఉందో తెలియకుండా పోతుంది. పైగా ఆవిరి నింపిన గొట్టం (సెల్) బయట కిరణం నడిచే దారంతా గదిలో గాలే, అందులోనూ అదే నీటి ఆవిరి. ఆ దారిని పొడి నైట్రోజన్‌తో నింపాలి. వానాకాలంలో మేం తలుపు తీసిన వాళ్ల మీద అరిచేవాళ్లం.

డిండి వాగు (దేవరకొండ)

అక్కా, ఆ 2020 పనిలో నాకు నచ్చింది లేజర్ కంటే నెట్‌వర్క్ ఆలోచన. ఉదయసముద్రం, సెమినార్‌లో ఇది తప్పకుండా చెప్పు.

మా నాన్న సర్వే పనిలో ఉండేవాడు. చేను చుట్టూ గొలుసు పట్టుకుని తిరిగి మళ్లీ మొదటి హద్దురాయి దగ్గరికి వచ్చాక లెక్క కలవాలి. కలవకపోతే దారిలో ఎక్కడో కొలత తప్పింది. నీటి గీతలకీ అదే. శక్తిస్థాయిలు రాళ్లనుకుంటే గీతలు వాటి మధ్య దూరాలు.

చేసి చూపిస్తా. ఆర్థో నీటిలో 1₀₁ నుంచి 1₁₀కి (ఇవి అణువు భ్రమణ స్థాయిల పేర్లు) 556.936 గిగాహెర్ట్జ్, అక్కడి నుంచి 2₂₁కి 2773.977. కూడితే 3330.913. ఇంకో దారిలో రా: 1₀₁ నుంచి 2₁₂కి 1669.905, అక్కడి నుంచి 2₂₁కి 1661.008. కూడితే అదే 3330.913. నాలుగు గీతలు, నాలుగు వేరు కొలతలు. మూడో దశాంశం దాకా కలిసిందంటే నాలుగూ మంచివే.

ఇలాంటి వలయాలు నీటికి లక్షల్లో ఉంటాయి. దశాబ్దాలుగా వేరు వేరు ల్యాబ్‌లు కొలిచిన గీతలన్నీ తెచ్చి, వలయాలు కలవనివి ఏరేసి, మిగిలిన వాటి నుంచి స్థాయిల శక్తులు రాబట్టే పద్ధతికి మార్వెల్ అని పేరు. చాసార్, టెన్నిసన్ బృందాలది. కొత్తగా ఒక్క గీతని కిలోహెర్ట్జ్ దాకా కొలిస్తే దానికి తగిలిన ప్రతి వలయమూ బాగుపడుతుంది. అందుకే ఏ గీత కొలవాలో కూడా ఇప్పుడు నెట్‌వర్క్ చూసి ఎంచుకుంటున్నారు.

జడ్చర్లా, నీ గొడవకి కూడా జవాబు ఇందులోనే ఉంది. లెక్కతో వచ్చిన జాబితాలో, ఏ స్థాయికి కొలిచిన శక్తి దొరికితే ఆ స్థాయికి అది పెట్టేస్తారు, దొరకని చోట లెక్కదే ఉంచుతారు.

జడ్చర్ల జంక్షన్

ఇది బాగుంది అన్నా. గ్రాఫ్ ఆల్గారిథమ్స్ అన్నమాట. అయినా ఒకటి అడుగుతా. అన్ని చోట్లా ఇంత కచ్చితత్వం కావాలా? 22 గిగాహెర్ట్జ్ నీటి మేసర్ల (లేజర్‌లా మైక్రోవేవ్‌లు వెదజల్లే నీటి ఆవిరి ముద్దలు) గురించి చదివాను, అక్కడ వేగాలు సెకనుకు వెయ్యి కిలోమీటర్లు.

అచ్చంపేట అక్క

అక్కర్లేదు. నువ్వనేది ఎన్‌జీసీ 4258 గెలాక్సీ అయి ఉంటుంది. దాని నడుమ సుమారు 4 కోట్ల సూర్యుల బరువున్న బ్లాక్‌హోల్ చుట్టూ నీటి మేసర్లు తిరుగుతున్నాయి, అటూఇటూ సెకనుకు సుమారు వెయ్యి కిలోమీటర్ల వేగంతో. 22.235 గిగాహెర్ట్జ్ దగ్గర 1 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 13.5 మీటర్లు. వెయ్యి కిలోమీటర్ల ముందు అదెంత? ఆ మేసర్ల కదలిక నుంచే 2019లో ఆ గెలాక్సీ దూరాన్ని దాదాపు 7.6 మెగాపార్సెక్ (ఒక్కోటి 32 లక్షల కాంతి సంవత్సరాలకు పైన) అని ఒకటిన్నర శాతం లోపలికి తెచ్చారు. విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో కొలిచేవాళ్లకి ఆ దూరం పునాది. అక్కడ కష్టపడాల్సింది దూరదూరంగా ఉన్న యాంటెన్నాలను కలపడానికి, ల్యాబ్ ఫ్రీక్వెన్సీకి కాదు.

కానీ మన గెలాక్సీలో నక్షత్రాలు పుట్టేచోట ఉన్న మేసర్లు వేరు. 22 గిగాహెర్ట్జ్ గీత నిజానికి ఒక గీత కాదు. హైడ్రోజన్ కేంద్రకాల స్పిన్ వల్ల అందులో మూడు బలమైన ముక్కలుంటాయి, మొత్తం పరచుకున్న వెడల్పు వేగంలో సెకనుకు ఒక కిలోమీటరు. ఒక్కో మేసర్ గీత వెడల్పూ ఇంచుమించు అంతే, కొన్నిసార్లు తక్కువ. ఏ ముక్క వెలుగుతోందో తెలియకపోతే వేగం తేడా వస్తుంది, అయస్కాంత క్షేత్రం కొలత ఇంకా తేడా వస్తుంది. ఆ ముక్కల్ని 1969లో కుకోలిచ్ అణు పుంజంతో విడదీసి కొలిచాడు. చెంగ్, టౌన్స్ అనే శాస్త్రవేత్తలు ఒరాయన్‌లో, డబ్ల్యూ49లో (రెండూ నక్షత్రాలు పుట్టే చోట్లే) ఈ మేసర్లు దొరికాయని ప్రకటించింది కూడా అదే ఏడాది.

పానగల్లు కట్ట (విశ్రాంత లెక్చరర్)

టౌన్స్ కథకి ముందు భాగం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్లు 1.25 సెంటీమీటర్ల రాడార్ తయారుచేశారు. నీటి ఆవిరి గీత, అదే ఈ 22 గిగాహెర్ట్జ్‌ది, 1.35 దగ్గర. తేమ ఉన్న గాలిలో ఆ రాడార్ దూరం చూడలేకపోయింది. టౌన్స్ ముందే హెచ్చరించాడు, వినలేదు. యుద్ధం అయ్యాక మిగిలిన ఆ పరికరాలే అణువుల మైక్రోవేవ్ స్పెక్ట్రోస్కోపీకి పనికొచ్చాయి.

నల్లా కాడ (మిర్యాలగూడ)

ఇంతమంది పెద్దలున్నారు, ఒకటి అడుగుతా, నవ్వొద్దు. మన నల్గొండ నీళ్లంటే ఫ్లోరైడ్. ఈ ఫ్లోరిన్ కూడా పైన ఉంటదా?

అచ్చంపేట అక్క

ఎందుకు నవ్వుతాం అన్నా, ఉంది. ఫ్లోరిన్ పరమాణువు హైడ్రోజన్ అణువు తగిలితే చాలు, బయటి శక్తి లేకుండానే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది. అలా చేయగలిగిన పరమాణువులు చాలా తక్కువ. అందుకని అంతరిక్షంలో ఫ్లోరిన్ చాలా తక్కువైనా, పలచటి మేఘాల్లో అది చాలావరకు ఈ రూపంలోకే వెళ్తుంది. 1997లో ఐఎస్ఓ ఉపగ్రహంతో మొదట దొరికింది. 1232 గిగాహెర్ట్జ్ దగ్గర ఉన్న దాని మూల గీతని హెర్షెల్ 2010లో చూసింది. ఇప్పుడు మేఘంలో హైడ్రోజన్ అణువులు ఎన్నో అంచనా వేయడానికి దాన్నే గుర్తుగా వాడుతున్నారు. పటిక, సున్నం వేసి తీసేసే "నల్గొండ పద్ధతి" మాత్రం అక్కడ పనిచేయదు.

నల్లా కాడ (మిర్యాలగూడ)

మర్రిగూడ వైపు చుట్టాలకి చెప్తా ఈ ముచ్చట.

డిండి వాగు (దేవరకొండ)

సెమినార్‌లో చివరి స్లైడ్‌కి డ్యుటీరియం పెట్టు తమ్ముడూ, అందరూ అడుగుతారు. మన సముద్రాల్లో పది లక్షల హైడ్రోజన్లకు 156 డ్యుటీరియం. 2011లో హెర్షెల్ హార్ట్‌లీ 2 తోకచుక్కలో 161 అని కొలిచింది, దాదాపు మనదే. 2014లో రోసెట్టా అనే వ్యోమనౌక వెళ్లి 67పీ తోకచుక్కలో 530 చూసింది, మూడు రెట్లకు పైన. భూమ్మీది నీళ్లు ఎక్కడివనే గొడవ ఇంకా తేలలేదు. రోసెట్టా వాడింది మాస్ స్పెక్ట్రోమీటర్, అది వేరే పద్ధతి. దూరం నుంచి చూడాలంటే మాత్రం గీతలే గతి. 2023లో వీ883 ఒరాయనిస్ అనే పసి నక్షత్రం చుట్టూ ఉన్న పళ్లెంలో అల్మా అనే రేడియో టెలిస్కోప్ ఈ నిష్పత్తి కొలిచింది. మామూలు నీటి గీతల్ని మన గాలి అడ్డుకుంటుంది కాబట్టి, ఆక్సిజన్-18 ఉన్న నీటిని 203.4 గిగాహెర్ట్జ్ దగ్గర, డ్యుటీరియం ఉన్న నీటిని 225.9, 241.6 దగ్గర చూశారు. ఆ నక్షత్రం దగ్గర సేంద్రియ అణువుల గీతలు కూడా దట్టంగా ఉంటాయి. పక్కగీతని నీటి గీత అనుకోకుండా ఉండాలంటే ల్యాబ్ విలువే దిక్కు.

ఉదయసముద్రం (నల్గొండ)

అన్నా, అక్కా, సార్, చాలా థాంక్స్. మార్వెల్ వలయం, ఎల్1544, వీ883, ఈ మూడూ పెడుతున్నా. 3330.913 లెక్క బోర్డు మీదే చేస్తా.

ఇంకో ఆశ ఉంది. ప్రాజెక్టుగా నీటి గీత ఏదైనా నేనే చూడొచ్చా? మా డిపార్ట్‌మెంట్‌లో ఉన్నవి ప్రిజం స్పెక్ట్రోమీటర్, సోడియం దీపం. టెరాహెర్ట్జ్ మాట మర్చిపోవాల్సిందే.

పానగల్లు కట్ట (విశ్రాంత లెక్చరర్)

చూడొచ్చు బాబూ, ఎండ చాలు. 1870లలో స్కాట్లాండ్ రాజ ఖగోళజ్ఞుడు పియాజీ స్మిత్ జేబులో చిన్న స్పెక్ట్రోస్కోప్ పెట్టుకు తిరిగేవాడు. ఆకాశం వెలుగు వర్ణపటంలో సోడియం డి గీతలకు ఎరుపు వైపున నల్లటి పట్టీ ముదిరితే వాన వస్తుందని చెప్పేవాడు. అది గాలిలోని నీటి ఆవిరి పట్టీయే.

అచ్చంపేట అక్క

డి గీతల దగ్గర మొదలుపెట్టకు, అక్కడ నీటి గీతలు సన్నగా, సూర్యుడి గీతలతో కలిసిపోయి ఉంటాయి. డీవీడీ ముక్కతో చేసిన స్పెక్ట్రోస్కోప్‌కి అవి విడివిడిగా దొరకవు. 718 నుంచి 730 నానోమీటర్ల మధ్య ఉన్న నీటి పట్టీ చూడు, అది వెడల్పు, సాధారణ గ్రేటింగ్‌తోనే (కాంతిని రంగులుగా విడదీసే సన్న చారల పలక) పల్లంలా కనిపిస్తుంది. మిల్లీమీటరుకు 1200 గీతల గ్రేటింగ్ తీసుకో. పక్కనే 687, 760 దగ్గర ఆక్సిజన్ పట్టీలుంటాయి, వాటితో తరంగదైర్ఘ్యం సరిచూసుకో. ఆక్సిజన్ రోజూ ఒకేలా ఉంటుంది, నీళ్లు మారుతాయి. కాబట్టి సూర్యుడు ఒకే ఎత్తులో ఉన్నప్పుడు రెండింటి లోతుల నిష్పత్తి తీసుకుంటే, ఏప్రిల్ ఎండకీ ఆగస్టు ముసురు మధ్య వచ్చే ఎండకీ తేడా గ్రాఫ్ గీయొచ్చు. వానాకాలంలో మన నెత్తి మీద ఉన్న ఆవిరంతా నీళ్లుగా మారిస్తే 50, 60 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. అల్మా ఉన్న ఎడారి పీఠభూమిలో మంచి రోజున 1 మిల్లీమీటరు.

ఉదయసముద్రం (నల్గొండ)

అక్కా, వెబ్‌క్యామ్‌తో ప్రయత్నిస్తే 700 దాటాక అంతా నల్లగానే వస్తోంది.

అచ్చంపేట అక్క

క్యామ్ లోపల ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే చిన్న గాజు ఫిల్టర్ ఉంటుంది, లెన్స్ వెనక లేత రంగులో మెరుస్తుంది. పాత క్యామ్ తీసుకుని దాన్ని ఊడదీయి, ఫోకస్ కొంచెం మారుతుంది, మళ్లీ సరిచేసుకో. చీలికకి రెండు షేవింగ్ బ్లేడ్లు ఎదురెదురుగా పెట్టి అతికించు. సూర్యుడి వైపు నేరుగా పెట్టొద్దు, కంటితో అసలే చూడొద్దు. తెల్ల కాగితం మీద పడిన ఎండని చూస్తే సరిపోతుంది. మొదటి ఫోటో రాగానే ఇక్కడ పెట్టు, 687 ఎక్కడుందో గుర్తుపట్టి చెప్తా.